ఐపీ ఫోన్లు కొనకుండానే వీఓఐపీ ప్రాక్టీస్

వీఓఐపీ (కంప్యూటర్ నెట్‌వర్క్ మీదుగా ఫోన్ కాల్స్) కోర్సులో ల్యాబ్ దొరికేది కాసేపే. ఇంట్లో ప్రాక్టీస్ చేద్దామంటే ఐపీ ఫోన్ల (నెట్‌వర్క్‌కు తగిలించే డెస్క్ ఫోన్లు) ధరలు చూసి ఆగిపోతాం. నిజానికి వాటి బదులు మూలన పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్లు రెండు చాలు, సిమ్ కూడా అక్కర్లేదు.

ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ ఇచ్చి ఉబుంటు సర్వర్, దానిమీద కాల్స్ కలిపే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్ పెట్టండి. రెండూ ఉచితమే. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో నాట్ (NAT, సర్వర్‌ను ల్యాప్‌టాప్ వెనక దాచే పద్ధతి) బదులు బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ ఎంచుకోండి. అసలు కిటుకు ఇదే: సర్వర్‌కు మీ రూటరే ఐపీ అడ్రస్ ఇస్తుంది, ఫోన్లకు సర్వర్ నేరుగా కనిపిస్తుంది. నాట్‌లో వదిలేస్తే ఫోన్లు రిజిస్టరే కావు.

ఆస్టరిస్క్‌లో 101, 102 ఎక్స్‌టెన్షన్లు (ఫోన్ల లోపలి నంబర్లు), వాటికి డయల్‌ప్లాన్ (ఏ నంబర్ కొడితే ఏ ఫోన్ మోగాలో చెప్పే రూల్స్) రాసి, ఫోన్లలో లిన్‌ఫోన్ అనే కాలింగ్ యాప్‌తో ఆ సర్వర్ ఐపీకి, యూడీపీ 5060 పోర్టులో రిజిస్టర్ చేయండి. ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే టూల్) తెరిచి కాల్ చేస్తే ఇన్వైట్ (కాల్ పిలుపు), 180 రింగింగ్ (మోగుతోంది), 200 ఓకే (ఎత్తారు) మెసేజ్‌లు వరసగా కనిపిస్తాయి. నా లెక్కలో పుస్తకం బట్టీ కన్నా ఇది నయం.

హాస్టల్, ఆఫీసు వైఫైల్లో మాత్రం ఇది తరచూ పనిచేయదు. ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అక్కడ ఆపేస్తుంటారు. సొంత రూటర్ ఉండాలి, అన్నీ ఇన్‌స్టాల్ అయ్యాక దానికి ఇంటర్నెట్ లేకపోయినా పర్లేదు.