రికార్డుల వరుస తప్పుతోందా? ముందు క్వెరీ చివర చూడండి

"నిన్నటిదాకా సరిగ్గానే వచ్చేది, ఇవాళ వరుస మారిపోయింది" అని ఎవరైనా క్వెరీ (డేటాబేస్ నుంచి రికార్డులు అడిగే ఆదేశం) పంపితే నేను మొదట దాని చివర ఆర్డర్ బై (రికార్డులు ఏ వరుసలో రావాలో చెప్పే భాగం) ఉందో లేదో చూస్తాను. చాలాసార్లు ఉండదు. అది చూసుకోకుండానే సర్వర్ మార్చినవాళ్లను, టేబుల్ తీసేసి మళ్లీ కట్టినవాళ్లను చూశాను. దయచేసి ముందు ఆ ఒక్క లైను చూడండి.

ఎడిట్ చేసిన రికార్డు లిస్టు అడుగుకు పోతోంది, లేదా ఏమీ ముట్టుకోకుండానే వరుస మారింది

కారణం ఆర్డర్ బై లేకపోవడమే. రికార్డులు మనం వేసిన వరుసలోనే తిరిగి వస్తాయని ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) ఎక్కడా మాట ఇవ్వలేదు. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఇన్నోడీబీ టేబుళ్లు (అక్కడ మామూలుగా ఉండే రకం) ప్రైమరీ కీ (ప్రతి రికార్డుకూ వేరుగా ఉండే ఐడీ లాంటిది) వరుసలో నిల్వ ఉంటాయి కాబట్టి నెలల తరబడి ఐడీ ప్రకారమే వస్తున్నట్టు కనిపిస్తుంది. కొత్త ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వేసే సూచిక) ఒకటి వేశాక డేటాబేస్ ఆ దారిన వెళ్లిందంటే వరుస మారిపోతుంది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అప్‌డేట్ అంటే పాతదాని మీద దిద్దడం కాదు, రికార్డుకు కొత్త ప్రతి రాయడం. అందుకే సేవ్ కొట్టగానే అది వేరే చోట తేలుతుంది. మీకు కావలసిన వరుసను ఆర్డర్ బైతో రాయండి, సమస్య పోతుంది.

ఆర్డర్ బై ఉన్నా తప్పుగా వస్తుంటే, అదే క్వెరీని పీహెచ్‌పీ మై అడ్మిన్‌లో (మై ఎస్‌క్యూఎల్‌ను బ్రౌజర్‌లో చూసే టూల్) నేరుగా నడపండి. అక్కడ సరిగ్గా వస్తే తప్పు డేటాబేస్‌ది కాదు, పేజీది. పేజీలో టేబుల్ చూపించే డేటాటేబుల్స్ లాంటి ప్లగిన్ మీరు చెప్పకపోయినా మొదటి కాలమ్ ప్రకారం సార్ట్ చేసేస్తుంది. దాని ఆర్డర్ సెట్టింగ్‌ను ఖాళీగా పెట్టండి.

1 తర్వాత 10, 100, ఆపైన 2 వస్తోంది

అంకెలను టెక్స్ట్ కాలమ్‌లో పెట్టారు. కాలమ్ టైపును ఇంటిజర్‌కు మార్చండి. తేదీలను 05-11-2023 అని టెక్స్ట్‌గా దాచినా ఇదే గొడవ: ముందు రోజును చూసి పేర్చేస్తుంది, నెలా సంవత్సరం తర్వాతే. ఇక్కడ మాత్రం టైపును నేరుగా మార్చకండి. బ్యాకప్ తీసి, డేట్ టైపులో కొత్త కాలమ్ పెట్టి, పాత విలువలను అందులోకి మార్చి, సరిచూసుకున్నాకే పాతది తీసేయండి.

రెండో పేజీలో మొదటి పేజీ రికార్డే మళ్లీ కనిపిస్తోంది, ఇంకొకటి అసలు ఎక్కడా లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒక సైటులో వస్తువుల లిస్టు, పేజీకి 10 చొప్పున. ఆర్డర్ బై ఉంది, చేర్చిన సమయం ప్రకారం, కొత్తవి పైన. ఒక వస్తువు రెండు పేజీల్లోనూ వస్తోందని ఫిర్యాదు వచ్చింది. డూప్లికేట్ పడిందనుకుని దాన్ని డిలీట్ చేశాను. రెండు చోట్లా మాయమైంది. ఉన్నది ఒక్కటే రికార్డు! బ్యాకప్ లోంచి తెచ్చి పెట్టేదాకా నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

జరిగింది ఇదీ. వస్తువులన్నిటినీ ఒకేసారి ఫైల్ లోంచి ఎక్కించారు. అందుకని ఐడీ 118 నుంచి 121 వరకు నాలుగింటికీ సమయం ఒక్కటే, 10:42:07. సమయాలు సమానమైనప్పుడు ఏది ముందో, ఏది వెనకో మనం చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి డేటాబేస్ ఎలా పేర్చినా తప్పు కాదు. మొదటి పేజీ ఒక క్వెరీ, రెండో పేజీ ఇంకో క్వెరీ. మొదటి దాంట్లో 121 పదో స్థానంలో పడింది. రెండో దాంట్లో ఆ నాలుగూ వేరేగా పేర్చుకోవడంతో 121 పదకొండో స్థానానికి జారింది, 119 పైకి, మొదటి పేజీ వాటాలోకి వెళ్లింది. చూసేవాళ్లకు 121 రెండుసార్లు, 119 సున్నాసార్లు. మొత్తం లెక్క మాత్రం సరిపోతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పైగా మై ఎస్‌క్యూఎల్ లిమిట్‌ను (ఎన్ని రికార్డులు కావాలో చెప్పే భాగం) బట్టి సార్ట్ చేసే పద్ధతినే మార్చుకోగలదు. కాబట్టి లిమిట్ లేకుండా నడిపి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నేను రెండు రోజులు అక్కడే మోసపోయాను.

మీదీ ఇదే అవునో కాదో తేల్చుకోవడానికి, సార్ట్ చేస్తున్న కాలమ్ మీద గ్రూప్ బై (సమానమైన విలువలను ఒక గుంపు చేసేది) పెట్టి, కౌంట్ ఒకటి దాటిన గుంపులను హ్యావింగ్‌తో (గుంపులను వడకట్టేది) తీయండి. ఒక్క లైను వచ్చినా ఈ ప్రమాదం ఉన్నట్టే.

పరిష్కారం చిన్నదే. ఆర్డర్ బైలో సమయం తర్వాత కామా పెట్టి ఐడీ కూడా చేర్చండి. ఐడీ రెండింటికి ఒకటే ఉండదు కాబట్టి ఇక సందిగ్ధం మిగలదు. డిసెండింగ్ (పెద్దవి, కొత్తవి ముందు) అనే మాటను రెండు కాలమ్‌ల పక్కనా విడివిడిగా రాయండి. చివర ఒక్కసారి రాస్తే అది ఐడీకే వర్తిస్తుంది, సమయం పాతవాటి నుంచి మొదలవుతుంది. వేగం తగ్గుతుందని భయపడక్కర్లేదు: ఇన్నోడీబీలో సమయం మీద వేసిన ఇండెక్స్‌లో ప్రైమరీ కీ ఎలాగూ కలిసే ఉంటుంది. ధర, రేటింగ్, ఊరి పేరు లాంటి కాలమ్‌ల మీద సార్ట్ చేసేవాళ్లు ఈ ఐడీని అసలు మరిచిపోకూడదు, వాటిలో సమానమైనవి కుప్పలు.

ఆర్డర్ బై ఉంది, కానీ లేనట్టే ప్రవర్తిస్తోంది

కాలమ్ పేరును సింగిల్ కోట్స్‌లో పెట్టారేమో చూడండి. మై ఎస్‌క్యూఎల్ దాన్ని మామూలు టెక్స్ట్ అనుకుంటుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో (విలువల చోట ప్రశ్న గుర్తు పెట్టి, తర్వాత నింపే క్వెరీ) కాలమ్ పేరును ప్రశ్న గుర్తుతో పంపినా అంతే. అనుమతించే కాలమ్ పేర్ల లిస్టును కోడ్‌లో పెట్టుకుని, అందులో ఉన్నదాన్నే క్వెరీలో చేర్చండి.

మిగతావి అరుదు. నల్ విలువలు (ఏమీ పెట్టకుండా వదిలేసినవి) అసెండింగ్‌లో (చిన్నవి ముందు) మై ఎస్‌క్యూఎల్‌లో ముందు, పోస్ట్‌గ్రెస్‌లో చివర వస్తాయి. పేర్ల వరుస వింతగా ఉంటే కొలేషన్ (అక్షరాలను ఎలా పోల్చి పేర్చాలో చెప్పే సెట్టింగ్) చూడండి.