స్టార్టప్ ఆఫీసుల్లో పని కష్టాలు, విద్యార్థి జట్టుకి పరిశోధన పాఠాలు (4వ భాగం): ‘సమస్యలేమైనా ఉన్నాయా?’ అని అడగొద్దు

ఈ వారం నోట్సుని వర్గాలుగా విడగొట్టడం చెప్పాలి. అది వచ్చే వారం చూద్దాం, ఎందుకంటే మూడో పాఠం తర్వాత మీరు పంపిన ఇంటర్వ్యూలు చదివితే విడగొట్టడానికి వాటిలో సరుకే లేదు. విజయనగరం జట్టు మాట్లాడిన ప్రతి ఒక్కరూ ‘బాగానే ఉందండి, కొంచెం పనెక్కువ, అంతే’ అన్నారు. శ్రీకాకుళం జట్టు గూగుల్ ఫామ్‌లో దాదాపు అందరూ ఐదుకి నాలుగు పెట్టారు. దాన్ని పట్టుకుని ‘మన దగ్గర స్టార్టప్‌లలో సమస్యలు లేవు సార్’ అని ఒకరు రాశారు. లేక కాదు, మీకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో మీ నోట్సులోనే ఉంది. యజమాని అనుమతి తీసుకున్నారు, మంచిదే. ఆయన అద్దాల క్యాబిన్ ఇచ్చి ఒక్కొక్కరినీ లోపలికి పంపారు. పద్నాలుగు మంది ఉన్న ఆఫీసులో ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, బయటికొచ్చేటప్పుడు మొహం ఎలా ఉందో అందరికీ కనిపిస్తుంది. అలాంటి చోట ఎవరు నోరు విప్పుతారు? ఆఫీసులో అడుగుపెట్టడానికి యజమాని అనుమతి కావాలి, మనిషితో మాట్లాడటానికి ఆ మనిషి అనుమతి కావాలి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ఇకనుంచి ఆఫీసు బయటే మాట్లాడండి. విజయనగరం నుంచి విశాఖ మధురవాడ, రుషికొండ వైపు రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, ఆదివారం ఇంటి దగ్గర దొరుకుతారు. రిపోర్టులో పేరు తీసేస్తే చాలదు. ‘టెస్టింగ్ చూసే అమ్మాయి’ అని రాస్తే, అక్కడ టెస్టింగ్ చూసేది ఒక్కరే అయినప్పుడు పేరు రాసినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. ‘మీ ఆఫీసులో సమస్యలేమైనా ఉన్నాయా?’ అనే ప్రశ్న ప్రతి జట్టు కాగితంలోనూ మొదటి వరసలో ఉంది. దయచేసి కొట్టేయండి. అవతలి మనిషికి ఇరవై నాలుగేళ్లు, మొదటి ఉద్యోగం, మావాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని ఇంట్లోవాళ్లు బంధువులందరికీ చెప్పుకున్నారు. అతను సమస్య ఉందని ఒప్పుకుంటే తనకి చేతకాలేదని ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. ఇంకొకటి, అలవాటైపోయిన కష్టం కష్టంలా కనిపించదు. ఒకటో తారీఖున పడాల్సిన జీతం పద్దెనిమిదికి పడటం మొదలై ఆరు నెలలైతే, అతని లెక్కలో అది ‘కొంచెం లేటు’ మాత్రమే. మీరు సమస్య అన్నప్పుడు అది అతనికి గుర్తుకే రాదు. ‘పోయిన నెల జీతం ఏ తారీఖున పడింది? అంతకుముందు నెల?’ అని అడిగితే ఫోన్ తీసి బ్యాంకు మెసేజ్ చూసి మరీ చెబుతాడు. అభిప్రాయం అడగొద్దు, జరిగింది అడగండి. ఈ పద్ధతి కొత్తదేం కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పైలట్ల మీద పనిచేసిన జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో దీన్ని వివరంగా రాశాడు: జరిగిన ఒక ఫలానా సంఘటన పట్టుకుని, ముందు ఏమైంది, అప్పుడు ఏం చేశారు, తర్వాత ఏమైంది అని అడుగుతూ పోవడం.

ఇలా:

‘అన్నా, నిన్న ఆఫీసు నుంచి ఎన్నింటికి బయల్దేరావు?’
‘ఏడున్నరకి.’
‘ఇంటికెళ్లాక ఆఫీసు మెసేజ్ ఏదైనా వచ్చిందా?’
‘పదింటికి వచ్చింది. క్లయింటు దగ్గర డెమో ఆగిపోయిందంట.’
‘అప్పుడేం చేశావు?’
‘అన్నం మధ్యలో లేచి ల్యాప్‌టాప్ తీశాను. పన్నెండున్నర అయింది.’
‘మరి ఇవాళ పొద్దున్న?’
‘మామూలే, తొమ్మిదిన్నరకి వెళ్లిపోయాను.’

టెన్షన్ అనే మాట ఇందులో ఎక్కడా లేదు. ఫామ్‌లో నాలుగు పెట్టేది ఇలాంటి మనిషే. ‘మీకు టెన్షన్‌గా ఉంటుంది కదా?’ అని మీరే అందిస్తే ‘ఆ, ఉంటుంది’ అంటాడు, అది మీ మాటే గాని అతనిది కాదు. ‘కదా’తో ముగిసే ప్రశ్న ఒక్కటీ ఉండకూడదు.

వెళ్లే ముందు ఆఫీసులో ఎంతమంది ఉన్నారో తెలుసుకోండి. పదిమంది, అంతకు మించి ఉంటే 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, అంతకన్నా తక్కువైతే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. ఇరవైమంది, అంతకు మించి ఉంటే పీఎఫ్ (భవిష్య నిధి) వర్తిస్తుంది. ‘పీఎఫ్ ఉందా?’ అంటే చాలామందికి తెలియదు, అందుకని పే స్లిప్‌లో ఏమేం కోస్తున్నారో అడగండి. పీఎఫ్ లేకుండా పది శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) ఒక్కటే కోస్తుంటే, రోజూ వచ్చి పనిచేసే ఆ మనిషిని కాగితాల మీద ఉద్యోగిగా కాక బయటి కన్సల్టెంటుగా చూపిస్తూ ఉండొచ్చు. ఇలాంటివి దొరికితే బంగారం, విడిగా రాసుకోండి. కమిటీ గురించి మహిళా ఉద్యోగుల్ని అడిగేది మీ జట్టులో అమ్మాయిలే అయితే మంచిది. ప్రశ్న కూడా ‘కమిటీ ఉందా?’ అని కాదు, ‘ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో చేరినప్పుడు చెప్పారా అక్కా?’ అని.

రికార్డింగ్ నాకు ఇష్టం ఉండదు, ఫోన్ బల్ల మీద పెట్టగానే గొంతు మారిపోతుంది. ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాయాలి. వాళ్లు ‘ఏటి చేస్తాం, అలాగే ఎల్లదీస్తన్నాం’ అంటే అలాగే రాయండి, దాన్ని ‘పని ఒత్తిడి అధికం’ అని సాపు చేయొద్దు.

అభ్యాసం: ముందు మీ జట్టులోనే ఒకరి నిన్నటి రోజుని పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా టైములతో సహా రాబట్టండి, మంచి, చెడ్డ, కష్టం అనే మాటలు ఎక్కడా రాకూడదు. అది కుదిరాకే ఇద్దరు ఉద్యోగుల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరి దగ్గర ఒకే సంఘటన, కనీసం రెండు పేజీలు రాసుకురండి. ‘బాగానే ఉంది’ అనే జవాబు దగ్గర ఆగిపోయిన నోట్సు వెనక్కి పంపుతాను. టైపు చేసిన సాపు కాపీ వద్దు, పేర్లు కొట్టేసి చేతిరాత పేజీల ఫోటోలే పంపండి.