యొక్‌మొక్ చలికాలపు సంతకు వెళ్ళడం ఎలా?

స్వీడన్ ఉత్తర కొసకు వెళ్దామనుకునే మనవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "నార్తర్న్ లైట్స్ ఎప్పుడు కనబడతాయి?" ఆ ప్రశ్నతో మొదలుపెడితే ప్రయాణమంతా మబ్బుల దయ మీద ఉంటుంది. నాలుగు రాత్రులు వరసగా మబ్బు పట్టిందంటే, అంత ఖర్చుపెట్టి వెళ్ళింది గదిలో కూర్చోవడానికే అవుతుంది. నేనైతే ఇలా చెప్తాను. మబ్బు పట్టినా, మంచు కురిసినా ఆగని ఒక సంత అక్కడ ఉంది. ప్రయాణాన్ని దాని చుట్టూ అల్లుకోండి. ఆకాశంలో వెలుగులు కనబడితే అది కొసరు.

ఆ సంత జరిగే ఊరు యొక్‌మొక్. ఆర్కిటిక్ వలయానికి కాస్త పైన ఉంటుంది. ఆ ఉత్తరాది ఆదివాసీలైన సామిల భాషలో ఆ పేరుకు "ఏటి మలుపు" అని అర్థం. ఊళ్ళో ఉండేది మూడు వేల మంది లోపే. సంత జరిగే మూడు రోజులూ పదుల వేల మంది వస్తారు. మేడారం చూసినవాళ్ళు ఈ సందడిని వెంటనే పోల్చుకుంటారు. మిగతా రోజుల్లో నిశ్శబ్దంగా ఉండే చోటు, మాఘమాసం చలిలో ఒక్కసారిగా మనుషులతో నిండిపోతుంది. అయితే మేడారం మొక్కుల మీద పుట్టిన జాతర. యొక్‌మొక్ సంత రాజాజ్ఞ మీద పుట్టింది. 1605లో స్వీడన్ రాజు తొమ్మిదో కార్ల్, ఉత్తరాన తిరిగే సామి జనాన్ని ఒకచోట చేర్చి పన్ను వసూలు చేయడానికీ, చర్చి బోధ వినిపించడానికీ ఇలాంటి సంతలు పెట్టించాడు. నాలుగు వందల ఏళ్ళు గడిచేసరికి అది సామిల సొంత పండగైంది. చెల్లాచెదురుగా బతికే బంధువులు కలుసుకునేదీ, కబుర్లూ బేరాలూ సాగేదీ ఇక్కడే.

1. ముందు తేదీ పట్టుకోండి

సంత ఏటా ఫిబ్రవరి మొదటి గురువారం మొదలై శనివారం ముగుస్తుంది. 2027లో ఫిబ్రవరి 4, 5, 6 తేదీలు. ఆ ఏడాది వెళ్ళగలిగితే తప్పకుండా వెళ్ళండి. ఫిబ్రవరి 6 సామి జాతీయ దినం. 1917లో అదే రోజున నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో, దేశాల సరిహద్దులు దాటి వచ్చిన సామిలు మొదటిసారి మహాసభ జరుపుకున్నారు. 2027లో ఆ రోజు శనివారం, అంటే సంత ఆఖరి రోజే. 2028లో అయితే ఫిబ్రవరి 3న మొదలు.

2. టికెట్ కంటే ముందు గది

మనకు ముందు విమానం టికెట్ కొనే అలవాటు. ఇక్కడ ఆ వరస తిప్పెయ్యాలి. ఊళ్ళో హోటల్ గదులు చాలా తక్కువ, ఏడాది ముందే అయిపోతాయి. చాలామంది స్థానికులు ఆ మూడు రోజులూ తమ ఇళ్ళలో గదులు అద్దెకిస్తారు. అదీ కుదరకపోతే 45 కిలోమీటర్ల లోపున్న పోర్యుస్, వూల్లెరిమ్ ఊళ్ళలోనో, వంద కిలోమీటర్ల లోపున్న యెల్లివారెలోనో వెతకండి. గది ఖాయమయ్యాకే మిగతావన్నీ.

3. వీసా

స్వీడన్ షెంగెన్ దేశం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు వరకూ ఉన్నా, అంతదాకా ఆగొద్దు. ఫిబ్రవరి సంతకైతే అక్టోబరు, నవంబరుల్లోనే ఇచ్చేయండి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. స్టాక్‌హోమ్‌లోనో గోథెన్‌బర్గ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగువాళ్ళకు ఈ అడుగుతో పనిలేదు.

4. చేరుకోవడం

రెండు దారులు. స్టాక్‌హోమ్ నుంచి లూలియోకు విమానంలో గంటన్నర లోపే, అక్కడి నుంచి బస్సులో దాదాపు మూడు గంటలు. లేదా స్టాక్‌హోమ్‌లో సాయంత్రం రాత్రి రైలెక్కి ముర్యెక్ అనే చిన్న స్టేషన్‌లో దిగి, బస్సులో గంట. నా ఓటు రైలుకే. రాత్రంతా అడవి పక్కనే పరిగెడుతుంటుంది. తెల్లారి కిటికీ తెర తీస్తే నగరం ఆనవాలే ఉండదు, మంచు బరువుకు వంగిన చెట్లు మాత్రమే కనబడతాయి.

కారు తీసుకుంటే ఒక్క జాగ్రత్త. దారి పక్కన కర్రలకు నల్ల ప్లాస్టిక్ సంచులు కట్టి ఉంటే, దగ్గర్లో రెయిన్‌డీర్ మంద ఉందని పశువుల కాపరులు చెబుతున్నట్టు. వేగం తగ్గించండి. పొరపాటున దేన్నయినా గుద్దితే 112కి ఫోన్ చేసి చెప్పాలి. ఆ జంతువు ఎవరిదో ఒకరిది, అది వాళ్ళ జీవనాధారం.

5. చలికి తయారవడం

ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 10 నుంచి మైనస్ 30 మామూలే. మైనస్ 40 తాకిన సంతలూ ఉన్నాయి. మైనస్ 25లో బయటికొచ్చి మొదటి శ్వాస పీల్చగానే ముక్కులోని వెంట్రుకలు గడ్డకట్టి చిటపటమంటాయి. ఊపిరి తగిలి మఫ్లర్ అంచు తెల్లగా పేరుకుంటుంది. కంగారు పడకండి, ఒంటికి తగ్గ బట్టలుంటే ఆ చలి హాయిగానే ఉంటుంది. తడి లేని చలి అది.

ఒంటికి ఆనుకునే బట్ట ఉన్నిది కావాలి. కాటన్ బనియన్, కాటన్ సాక్సులు ఇంట్లోనే వదిలెయ్యండి. కాటన్ చెమట పీల్చుకుని ఆరదు, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. దాని మీద మందపాటి ఉన్ని లేదా ఫ్లీసు, ఆపైన గాలి చొరబడని కోటు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడక కాళ్ళు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజుల మీద, వేళ్ళన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్లు తొడుక్కోండి. ఫోన్ బ్యాటరీ చలికి గబగబా పడిపోతుంది. దాన్ని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి.

తిండి సంగతి. ఆవకాయ, కారప్పొడి, పులిహోర పొడి వెంట తెచ్చుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల సరుకులు తేకూడదు కాబట్టి నెయ్యి సీసా, కోడి పచ్చడి సూట్‌కేసులో పెట్టకండి. పచ్చి కరివేపాకు కూడా అంతే.

6. సంతలో రోజు గడపడం

ఆ రోజుల్లో పగటి వెలుగు ఏడు గంటలకు మించదు. అందుకే పొద్దున్నే బయటపడండి. దుకాణాలు వీధుల పొడవునా ఉంటాయి. ఒకచోట ఉన్ని టోపీలు, ఇంకోచోట రెయిన్‌డీర్ తోళ్ళు, మరోచోట మిఠాయిలు, మధ్యలో మంట మీద కాగుతున్న కాఫీ. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది. స్వీడన్ వాళ్ళు వాడే స్విష్ అనే ఫోన్ చెల్లింపు మాత్రం అక్కడి బ్యాంకు ఖాతా లేనివాళ్ళకు పనిచేయదు. చిన్న కొట్ల కోసం కొంచెం స్వీడిష్ నగదు ఉంచుకోండి.

వీధిలో రెయిన్‌డీర్ల ఊరేగింపు వస్తుంది, దాన్ని వదులుకోకండి. గాక్తి అనే రంగురంగుల సంప్రదాయ దుస్తుల్లో ఒక కుటుంబం నడుస్తుంటే, ఒకదాని వెనక ఒకటి కట్టిన రెయిన్‌డీర్లు మంచు మీద జారే బండ్లు లాగుతూ వస్తాయి. పక్కన నిలబడి కొమ్ముల్ని గమనించండి. మగవి శరత్కాలం పోట్లాటలయ్యాక కొమ్ములు రాల్చేస్తాయి. కాబట్టి ఫిబ్రవరిలో నిండు కొమ్ములతో కనబడేవి చాలావరకు ఆడవి, లేకపోతే విత్తుకొట్టిన మగవి. చూడితో ఉన్న ఆడదానికి చలికాలమంతా మంచు తవ్వి మేసే గుంటల దగ్గర తన వంతు కాపాడుకోవడానికి ఆ కొమ్ములే ఆసరా. దగ్గర్లోని తల్వాతిస్ చెరువు గడ్డకట్టి ఉంటుంది, రెయిన్‌డీర్ పందేలు దాని మీదే.

ఆకలేస్తే సువోవస్ తినండి. ఉప్పుపెట్టి పొగబెట్టిన రెయిన్‌డీర్ మాంసాన్ని పల్చగా కోసి పెనం మీద వేడిచేసి, మెత్తటి రొట్టెలో చుట్టి ఇస్తారు. శాకాహారులకు సంతలో రొట్టెలు, మిఠాయిలు, కాఫీ దొరుకుతాయి గానీ అసలు భోజనానికి బసలోనే ఏర్పాటు చేసుకోవడం మేలు.

7. మనుషులతో మెలగడం

ఈ అడుగును అన్నిటికన్నా శ్రద్ధగా చదవమని కోరుతున్నాను. సామిలు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలోని కోలా ద్వీపకల్పం అంతటా ఉన్న ఆదివాసీలు. వాళ్ళను "లాప్" అనకండి. అది బయటివాళ్ళు పెట్టిన మాట, వాళ్ళకు అవమానం. "సామి" అనండి.

రెయిన్‌డీర్ కాపరి కనబడితే "మీకెన్ని ఉన్నాయి?" అని అడగొద్దు. మన బ్యాంకులో ఎంతుందని కొత్తమనిషి అడిగినట్టుంటుంది. ఈ ఏడాది మంచు ఎలా ఉంది, మేత దొరుకుతోందా అని అడగండి, మాట తనంతట తనే సాగుతుంది. చలికాలం మధ్యలో వాన పడి మంచు పైన గట్టి పెంకు కడితే, రెయిన్‌డీర్లు దాన్ని తవ్వి కింద ఉండే లైకెన్ అనే నాచులాంటి మేతను అందుకోలేవు. వాళ్ళ బాధల్లో అదొకటి. ఫొటో తీసేముందు అనుమతి అడగండి. గాక్తి వేడుక కోసం కట్టిన వేషం కాదు. దాని రంగులు, అంచులు చూసి ఆ మనిషి ఏ ప్రాంతమో పోల్చుకుంటారు.

ఏదో ఒక సాయంత్రం యోయిక్ వినండి. ఇది సామిల గానం, ఎక్కువసార్లు మాటల కంటే స్వరమే ముఖ్యం. ఒక మనిషి గురించి యోయిక్ పాడటం కాదు, ఆ మనిషినే యోయిక్ చేస్తారు. పాట కట్టినవాళ్ళది కాదు, ఎవరి కోసం కట్టారో వాళ్ళదే. ఒకప్పుడు చర్చి దీన్ని పాపమంది, నోయిదీలనే సామి పూజారుల డోళ్ళను లాక్కుని తగలబెట్టించింది. ఈ సంగతి తెలిసి వింటే ఆ గొంతు ఇంకోలా వినిపిస్తుంది.

8. ఐత్తె మ్యూజియానికి ఒక పూట

సంతలో వెచ్చదనం కోసం మ్యూజియంలోకి దూరి, పది నిమిషాల్లో బయటికి రావడం చాలామంది చేసే పొరపాటు. ఐత్తె అంటే సరుకులు దాచుకునే కొట్టు. సామిల జీవితం గురించి ఇంత వివరంగా చెప్పే చోటు స్వీడన్‌లో మరొకటి లేదని నా నమ్మకం. కనీసం మూడు గంటలు ఇవ్వండి. పోర్యుస్ దగ్గర 1910లలో మొదలై లూలె నది పొడవునా కట్టిన జలవిద్యుత్ ఆనకట్టల కింద సామిల మేత భూములు, నివాసాలు మునిగిపోయాయి. పోలవరం ముంపు గ్రామాలు తెలిసినవాళ్ళకు ఆ కథ దూరపు కథ అనిపించదు.

ఊళ్ళోని పాత చర్చినీ చూడండి. 1753 నాటి కట్టడం 1972లో కాలిపోతే మళ్ళీ పాత రూపంలోనే కట్టారు. చుట్టూ ఉన్న దుంగల ప్రహరీ దగ్గర ఆగండి. చలికాలంలో నేల రాయిలా గడ్డకట్టి గొయ్యి తవ్వడం కుదరదు. అప్పుడు చనిపోయినవాళ్ళ శవపేటికలను ఆ గోడలోనే ఉంచి, వసంతంలో నేల కరిగాక పూడ్చేవారు.

9. కొనడం

సామి చేతిపనిని దువోజి అంటారు. సంతలో ఎక్కడో యంత్రాల మీద చేసిన నకళ్ళూ ఉంటాయి. అసలుదానికి "సామి దువోజి" అనే గుర్తింపు చీటీ ఉంటుంది. లేకపోతే చేసినవాళ్ళెవరో అమ్మేవాళ్ళను అడగండి, సొంతంగా చేసినవాళ్ళు సంతోషంగా చెప్తారు. బేరమాడకండి. మన సంతలో బేరం మర్యాదే, అక్కడ కాదు. రెయిన్‌డీర్ తోలు మీద సన్నని తగరపు తీగ అల్లిన చేతిపట్టీలు తేలిగ్గా సూట్‌కేసులో పడతాయి. తగరంలో కాస్త వెండి కలుపుతారు, అందుకే ఆ మెరుపు. ఒక్కటే కొనాలంటే మాత్రం గుక్సి కొనండి. బర్చ్ చెట్టు కాండం మీద బుడిపెలా పెరిగిన కణుపును తొలిచి చేసిన చెక్క కప్పు అది. పట్టుకుని వెలుతురులో తిప్పితే, నీటి సుడుల్లాంటి గీతలు కనబడతాయి. ఏ రెండు కప్పులూ ఒకేలా ఉండవు.

10. ఇంకా రోజులుంటే ఉత్తరానికి

యొక్‌మొక్ నుంచి కిరునా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. భూగర్భ ఇనుప గని తవ్వకం వల్ల నేల కుంగుతుండటంతో ఆ ఊరినే కొంచెం కొంచెంగా తూర్పుకు జరుపుతున్నారు. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో, 672 టన్నుల బరువుతో అలాగే ఎత్తి, రెండు రోజుల్లో ఐదు కిలోమీటర్లు తరలించారు. దగ్గర్లోని యుక్కస్‌యార్విలో టోర్నె నది మంచుతో కట్టే ఐస్‌హోటల్ ఉంది. అందులో పడుకోనక్కర్లేదు, పగలు టికెట్ కొని గదులన్నీ చూడొచ్చు. నేనైతే ఆ డబ్బు మిగుల్చుకుని అబిస్కోలో ఇంకో రాత్రి ఉండమంటాను. పడమటి కొండలు మబ్బుల్ని అడ్డుకోవడం వల్ల ఆ ఊరి పక్కనున్న టోర్నెత్రెస్క్ సరస్సు మీద ఆకాశం తరచుగా తేటగా ఉంటుంది. వెలుగుల కోసం ఎదురుచూడ్డానికి అదే సరైన చోటు. వీధి దీపాలకు దూరంగా వెళ్ళి, ఫోన్ వెలుతురు ఆపేసి, కళ్ళను చీకటికి అరగంట అలవాటు చేయండి. మొదట బూడిదరంగు మబ్బు తునకలా ఉంటుంది. అది కదలడం మొదలుపెట్టాక పచ్చదనం తెలుస్తుంది.

11. ఇంటికొచ్చాక

గుక్సిని సబ్బుతో కడగకండి, డిష్‌వాషర్‌లో అసలే వేయకండి. మొదటిసారి వాడేముందు లోపలంతా వేడి కాఫీతో తడిపి పారబోయడం అక్కడి అలవాటు. మన ఫిల్టర్ కాఫీ అయినా పాలు పోయని డికాక్షన్ అయితే చాలు. తర్వాత ప్రతిసారీ ఉత్త నీళ్ళతో కడిగి, ఎండలోనో పొయ్యి పక్కనో కాకుండా నీడలో బోర్లించండి. వేడికి గబగబా ఆరితే చెక్క పగులుతుంది.