నక్షత్రం కట్టే ముందు: విశాఖలో క్రిస్మస్ రోజులకు కొన్ని జాగ్రత్తలు

అపొస్తలుడైన పౌలు రోమా చెరసాలలో నుంచి తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ పత్రిక (ఉత్తరం) చివరిలో, త్రోయ పట్టణంలో కర్పు అనే అతని దగ్గర వదిలివచ్చిన అంగీని తెచ్చిపెట్టమని అడుగుతాడు. చలికాలం రాకముందే బయలుదేరి రమ్మని కూడా చెబుతాడు. తన పరుగు ముగిసిందని అదే పత్రికలో రాసిన మనిషి, చలికి కప్పుకునే బట్ట కోసం కబురు పెట్టడం నాకు ఎన్నడూ చిన్న సంగతిగా అనిపించలేదు. డిసెంబరు వచ్చేసరికి మన ఇళ్లలో "దేవుడే చూసుకుంటాడులే" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట ఆసుపత్రి మంచం దగ్గర అంటే విశ్వాసం అవుతుంది కానీ, తెగిన వైరుకు టేపు చుడుతూ అంటే బద్ధకమే అవుతుంది.

విశాఖలో చలి ఎక్కడిది అని మనమే నవ్వుకుంటాము. నిజమే, డిసెంబరు రాత్రుల్లో కూడా నగరంలో ఉష్ణోగ్రత సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అందుకే ఈ ఊరిలో చలికాలపు ప్రమాదం చాలావరకు చలి వల్ల కాక, ఆ రోజుల్లో మనం చేసే పనుల వల్ల వస్తుంది: మేడమీద కట్టే దీపాలు, పొయ్యి మీద కాగే నూనె, అర్ధరాత్రి ఆరాధనలు, పండుగ కాగానే అరకు ప్రయాణాలు.

మొదట నక్షత్రం సంగతి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడినుంచి పడినవాడి ప్రాణదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఉంది. ధర్మశాస్త్రంలో ఇంత సూటిగా మేడ గురించి మాట్లాడిన చోటు మరొకటి నాకు తోచదు. మన పాత అపార్టుమెంట్లలో నీళ్ల ట్యాంకు ఉండే పైభాగానికి పిట్టగోడ ఉండదు, కానీ స్టార్ బాగా కనబడాలని పిల్లలు ఎక్కేది సరిగ్గా అక్కడికే. స్టార్ కట్టే పని పగటిపూట, పెద్దవాళ్లు ఇద్దరు ఉండి చేయాలి. ఇనుప పైపు వద్దు, ఎండిన వెదురు గడ వాడండి. అయితే వెదురైనా మంచుకు తడిస్తే కరెంటును ఆపలేదు కాబట్టి, మేడ పక్కనుంచి 11 కేవీ (11,000 వోల్టుల) లైను పోతున్న ఇళ్లలో గడ ఎటు ఒరిగినా ఆ తీగలకు చాలా దూరంగా ఉండేంత ఎడం చూసుకోవాలి. అంత ఎడం లేకపోతే స్టార్‌ను బాల్కనీలోనే వేలాడదీయడం మంచిది.

సముద్రపు ఊరు కావడం వల్ల మనకు మరొక చిక్కు ఉంది. రెండేళ్ల క్రితం మా మేడమీద తెల్లవారుజామున స్టార్ ఆపడానికి వెళ్లిన మా బావమరిది, గడకు చుట్టిన వైరును పట్టుకోగానే చెయ్యి జివ్వుమందని కిందికి పరుగెత్తి వచ్చాడు. మెయిను ఆపి ఆ జాయింటు మీది టేపు విప్పి చూస్తే, లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి, గోటితో గీరితే పొడిలా రాలింది. అది అంతకుముందు డిసెంబరులో చుట్టిన టేపు. ఏడాది పొడవునా ఉప్పుగాలి, ఆపైన రాత్రి మంచు కలిస్తే మామూలు టేపు నిలవదు. అందువల్ల నిరుటి సీరియల్ లైట్లను పెట్టెలోనుంచి తీయగానే గోడకు తగిలించకుండా, నేలమీద పరిచి మూర మూరకూ తడిమి చూడండి. అతుకులున్న తీగను పారేయండి, ఆరుబయటికి అతుకు లేని ఒకే తీగ వేయండి. కాగితపు స్టార్‌లో పాత ఫిలమెంటు బల్బు పెడితే ఆ వేడికే కాగితం మాడుతుంది కనుక తక్కువ వాట్ల ఎల్‌ఈడీ బల్బు మాత్రమే పెట్టాలి. ఇంటి మెయిను బోర్డులో కరెంటు కాస్త లీకైనా వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, పండుగ బట్టల ఖర్చులో కొంత తగ్గించైనా పెట్టించడం మేలని నా అభిప్రాయం. పడుకునే ముందు స్టార్ ఆపేయాలి. తూర్పు దేశపు జ్ఞానులెవరూ రాత్రి రెండు గంటలకు మన వీధిలోకి రారు. తీగ తెగి వీధిలో పడి ఉంటే ఎవరినీ దగ్గరికి పోనివ్వక విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోను చేయాలి.

వంటింటి గురించి తెలియనివారు లేరు కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. అరిసెలు, కజ్జికాయలు, జంతికలు ఒకే రోజు పెట్టుకుని రాత్రి పదకొండు దాకా నూనె ముందు కూర్చోవడమే అసలు తప్పు. అలసిన చెయ్యి మూకుడు అంచును తాకుతుంది. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, గ్యాసు కట్టేసి మూకుడు మీద పెద్ద మూత బోర్లించాలి. ఒళ్లు కాలితే టూత్‌పేస్టు, పసుపు పూయకుండా, కాలిన చోట కుళాయి నీటిని 20 నిమిషాలు ధారగా పోయాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు చెప్పాలి.

ఇక అర్ధరాత్రి ఆరాధనలు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో, మళ్లీ ఆ త్రోయలోనే, మేడగదిలో అనేక దీపాలు వెలుగుతుండగా పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపట్టి మూడవ అంతస్తు నుంచి కిందపడతాడు. గదినిండా జనం, దీపాలు, నిద్ర, సుదీర్ఘమైన ప్రసంగం: డిసెంబరు 24, 31 రాత్రుల్లో మన మందిరాల్లో ఉండేవి ఇవే. బాల్కనీ అంచున, మెట్ల మీద, కిటికీ దిమ్మెల మీద పిల్లలను కూర్చోనివ్వకండి. కుర్చీలు చాలలేదని నడవలో అదనంగా వేసే వరుసలను సంఘపెద్దలు ఒప్పుకోకూడదు, పక్క తలుపులకు వేసిన తాళాలు ఆరాధన మొదలవక ముందే తీయించాలి.

కొవ్వొత్తుల విషయంలో నేను కొంచెం మొండిగానే మాట్లాడతాను. మూడేళ్ల క్రితం దీపాలన్నీ ఆర్పి, కొవ్వొత్తులు వెలిగించి పాడుతున్న సమయంలో, మా అమ్మాయి తలవంచి పాటల పుస్తకం చూస్తుండగా వెనక వరుసలోని చిన్నపిల్ల కొవ్వొత్తి మా అమ్మాయి చున్నీ కొసకు తగిలింది. మంట పెద్దగా కూడా లేదు, నీలంగా ఒక గీతలా పైకి పాకింది. మా అత్తగారు ఆ కొసను ఒట్టి చేతులతోనే నలిపి ఆర్పేశారు. పాట ఆగలేదు, చాలామందికి తెలియను కూడా తెలియలేదు. ఆవిడ అరచేతిలో కరిగి అతుక్కున్న నైలాను ముక్క ఊడటానికి మాత్రం పది రోజులు పట్టింది. ఆ రాత్రికి నూలు బట్టలే వేయండి, చున్నీని పిన్నుతో బిగించండి, జడలను ముందుకు వేయకండి, పన్నెండేళ్లలోపు పిల్లల చేతికి బ్యాటరీ కొవ్వొత్తి ఇవ్వండి. వరుసకొక బకెట్టు కాకపోయినా, మందిరంలో నాలుగు మూలలా తడిపిన గోనెపట్టా, ఇసుక బకెట్టు ఉండాలి. యేసు పుట్టుకను చూపడానికి పిల్లలు కట్టే పశువుల పాకలో నిజమైన ఎండుగడ్డి పరిచి, దాని పక్కన కొవ్వొత్తి నిలబెట్టే అలవాటు ఎందుకు పోలేదో నాకు అర్థం కాదు.

ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్‌కు వెళ్లే యవ్వనస్థులు వ్యాను వెనక నిలబడి గిటారు వాయిస్తూ జాతీయ రహదారి దాటడం మానుకోవాలి. మద్దిలపాలెం, ఎన్‌ఏడీ కూడలి వంటి చోట్ల రాత్రి లారీలు వేగంగా వస్తాయి. సందుల్లో నడిచి తిరిగితే ఇంటింటికీ వెళ్లినట్టూ ఉంటుంది. ఆరుబయట మైకులు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి; పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఆ అనుమతి ఉన్నదో లేదో ముందుగా పోలీసు స్టేషనులో అడగడం పక్కింటి ముసలివారికి, పరీక్షలకు చదివే పిల్లలకు మనం ఇచ్చే గౌరవం. పందిళ్లు వేసేవారు వాతావరణ సూచన కూడా చూడాలి: 2018లో పెథాయ్ తుఫాను డిసెంబరు 17న తీరం దాటింది, 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న దాటింది. బంగాళాఖాతం మన పండుగల క్యాలెండరు చూసుకోదు.

డిసెంబరు 8న రాస్ హిల్ మీది కొండగుడికి వెళ్లే కతోలిక కుటుంబాలు మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు ఉన్న పెద్దలను జనం పెరగకముందే తీసుకువెళ్లి, మెట్ల దగ్గర తొందరపెట్టకుండా ఎక్కించాలి.

పెద్దవారి విషయంలో మన ఊరి గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. యారాడ కొండ, కైలాసగిరి, సింహాచలం కొండల నడుమ గిన్నెలా ఉన్న నగరంలో, చలికాలపు రాత్రుల్లో చల్లని గాలి నేలకు అణిగి ఉండి, పొగను, ఓడరేవు ధూళిని పైకి పోనివ్వదు. ముఖ్యంగా పాత నగరంలో ఉబ్బసం ఉన్నవారికి తెల్లవారుజాము కష్టమైన వేళ. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది కూడా. కాబట్టి బీచ్ రోడ్డు నడకను ఎండ వచ్చేదాకా వాయిదా వేసుకోవాలి, రాత్రి ఆరాధనకు వెళ్లేటప్పుడు ఇన్‌హేలరు, శాలువా, ఆ పూట మాత్రలు చేతిసంచిలో ఉండాలి. జలుబు చేసిన పసివారికి కర్పూరం కలిసిన బామ్ రెండేళ్లలోపు రాయకూడదు, ఏడాదిలోపు తేనె నాకించకూడదు, వేడినీళ్ల గిన్నెమీద దుప్పటి కప్పి పిల్లలకు ఆవిరి పట్టకూడదు. ప్రార్థించిన నూనెను నుదుటికి రాయండి, అభ్యంతరం లేదు; పసివాడి ముక్కులో మాత్రం వేయకండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

ప్రార్థన చేయించుకున్నామని బీపీ మాత్రలు, ఫిట్సు మాత్రలు ఆపేసేవారు ప్రతి సంఘంలోనూ కొందరు ఉంటారు. 1805లో ఈ ఊరిలో దిగి, సువార్తలను తెలుగులోకి తర్జుమా చేయడానికి పూనుకున్న మిషనరీలు జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజిస్ ఇద్దరూ 1809, 1810 సంవత్సరాల్లో చనిపోయారు. వారికి భక్తి తక్కువైందని ఎవరూ అనలేరు. నేటి మందులు వారికి దొరకలేదు, మనకు దొరుకుతున్నాయి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది అరకు, లంబసింగి ప్రయాణం. అక్కడి చలికి నగరపు స్వెట్టరు చాలదు, రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. అప్పుడు బస చేసిన ఇంటివారు జాలితో బొగ్గుల కుంపటి తెచ్చి గదిలో పెడతారు. పొగ పోయి ఎర్రగా కణకణలాడుతున్న నిప్పు కదా, ఇక ఏమీ కాదని తలుపులు బిగిస్తారు. ప్రమాదం అక్కడే ఉంది: ఆ ఎర్రని బొగ్గులు గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి, దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, తరువాత మత్తు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు తెలియవు, లేచి తలుపు తీసే ఓపిక కూడా ఉండదు. కుంపటిని ఆరుబయట పెట్టుకుని చలి కాచుకోండి, గదిలోకి మాత్రం తేకండి. కిటికీ కొంచెం తెరిచాము కదా అని కూడా నమ్మకండి. అదనపు దుప్పట్లు ఇంటినుంచే తీసుకువెళ్లండి. ఒకే గదిలోని ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ప్రయాణపు అలసట అనుకోక అందరినీ వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కు ఫోను చేయాలి. ఇంట్లో స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉన్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది. చలిగాలి వస్తున్నదని దాని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టకూడదు.

అనంతగిరి ఘాట్‌లో తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది, హైబీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే వస్తుంది కాబట్టి లోబీమ్ మీదే నెమ్మదిగా నడపాలి. 31 రాత్రి ఆరాధన ముగించుకుని నిద్రలేకుండా అటునుంచి అటే కొండెక్కడం అసలు వద్దు. ఆరాధన తరువాత బీచ్‌కు వెళ్లేవారు ఇసుక మీదే ఉండాలి. ఆర్కే బీచ్, యారాడ తీరాల్లో నేల ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, వెనక్కి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి. ఈత రానివారికి ఆ అవకాశం కూడా ఉండదు.

జనవరిలో కొన్ని సంఘాల్లో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలవుతాయి. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు వైద్యుడిని అడగకుండా ఉపవాసం ఉండకూడదు. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపించినా, గ్లూకోమీటరులో 70 కన్నా తగ్గినా, ప్రార్థన మధ్యలోనైనా సరే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు పూట భోజనం మానకుండా టీవీనో, ఫోనునో మానుకుంటామని తమ పాస్టరుగారితో ముందే చెప్పుకోవచ్చు; నేనెరిగిన కాపరులెవరూ దానికి కాదనలేదు.