రాసిన కథను తిరిగి దిద్దుకోవడం ఎలా

కథ పూర్తయిన రోజునే దిద్దడానికి కూర్చోకూడదు. రాయాలనుకున్నదంతా అప్పటికింకా మనసులో మెదులుతూనే ఉంటుంది కాబట్టి, కాగితం మీద లేనిది కూడా ఉన్నట్టే తోస్తుంది. ఒకటి రెండు వారాలు పక్కన పెట్టి, ఆ తర్వాత ప్రింటు తీసుకుని చదవడం మేలు.

మొదటిసారి అక్షరదోషాల జోలికి వెళ్ళవద్దు. రేపు కొట్టివేయబోయే పేరాలో వత్తులూ దీర్ఘాలూ సరిచేయడం వృథా శ్రమ. కథ అసలు ఎక్కడ మొదలవుతోందో మాత్రం చూడాలి. ఊరి వర్ణన, వాతావరణం, కుటుంబ చరిత్ర అన్నీ ముగిసి రెండో పేజీకి గానీ సమస్య తలెత్తకపోతే, మొదటి పేజీని నిస్సంకోచంగా తీసివేసి, అందులో తప్పనిసరి అనుకున్న ఒకటి రెండు వివరాలను తర్వాతి సన్నివేశాల్లో సర్దాలి.

రెండోసారి పైకి చదవాలి. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కనుక, "వచ్చాడు, కూర్చున్నాడు, నవ్వాడు" అంటూ వరసగా ఒకే ధ్వని మోగడం కంటికి ఆనకపోయినా చెవికి వెంటనే తెలుస్తుంది. అక్కడ "వచ్చి కూర్చుని" అని కలపవచ్చు. అలాగని అన్నింటినీ కలిపేస్తే చదివేవారికి ఊపిరి అందదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పాత్రల భావాలను నేరుగా ప్రకటించే వాక్యాల మీద వెచ్చించాలి. "సుబ్బమ్మ ఎంతో బాధపడింది. ఆమె గుండె బరువెక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి" అని చిత్తుప్రతిలో ఉందనుకుందాం. మూడు వాక్యాలూ చెప్పేది ఒకటే, పైగా ఎవరి కథలోనైనా ఇమిడిపోతాయి. "కొడుకు ముట్టకుండా లేచిపోయిన అన్నాన్ని సుబ్బమ్మ తిరిగి గిన్నెలోకి తీసి మూత పెట్టింది" అని రాస్తే ఆ బాధ సుబ్బమ్మదే అవుతుంది. దాని వెనకే "ఆమె మనసు విలవిల్లాడింది" అని చేర్చాలన్న కోరిక పుడుతుంది, అణచుకోవాలి.

సంభాషణలను ఒక్కో పాత్రవి విడిగా చదివి చూడాలి. కరీంనగర్ మనిషి ఒకచోట "ఏం జేస్తున్నవ్" అని, మరోచోట కారణం లేకుండా "ఏం చేస్తున్నావు" అని అనకూడదు. వరసలు కూడా ఇప్పుడే సరిచూసుకోవాలి. మొదట్లో మావయ్య అయినవాడు నాలుగో పేజీలో బాబాయి అయితే, అతని కొడుకుతో నాయిక పెళ్ళి మాటలు నడిపిన కథ అక్కడికక్కడే కూలిపోతుంది. మన పాఠకులు ఇంకేం వదిలేసినా ఇది వదలరు.

అక్షరదోషాలు చిట్టచివర చూసుకోవచ్చు. తీసివేసిన భాగాలను చెరిపేయకుండా తేదీ వేసి వేరే ఫైలులో దాచుకుంటే, కోయడానికి చెయ్యి వెనకాడదు.