అంబులెన్సు లైనులో అమ్మానాన్నలతో ఉన్నప్పుడు: ఇంగ్లండులో ఉండే తెలుగువాళ్లకు చలికాలం జాగ్రత్తలు

చలి ముదిరేసరికి ఇంగ్లండులో ఆస్పత్రుల ముందు అంబులెన్సులు మళ్లీ బారులు తీరుతున్నాయి. వచ్చిన 15 నిమిషాల్లో రోగిని ఎమర్జెన్సీ వాళ్లకు అప్పజెప్పాలని రూలు. ఎంత రద్దీ ఉన్నా 45 నిమిషాలు దాటకూడదని 2025లో ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మళ్లీ గట్టిగా చెప్పింది. కానీ పైన వార్డులో మంచం ఖాళీ అయితేనే కింద ఎమర్జెన్సీలో చోటు దొరుకుతుంది. ఇంటికి పంపడానికి సిద్ధంగా ఉన్నా, అక్కడ చూసుకునే ఏర్పాటు కుదరక వార్డులోనే ఉండిపోయే ముసలివాళ్లు చాలామంది. ఆ సెగ గేటు బయట అంబులెన్సులో పడుకున్నవాళ్లకు తగులుతుంది.

ఈమధ్య మావైపు ఒక తెలుగు పెద్దాయన మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో అలాగే రెండు గంటలకు పైగా అంబులెన్సులో ఉండిపోయారు. ఆ మధ్యలో, ఏనాడో చనిపోయిన అన్నగారిని పిలుస్తూ, దుప్పటి అంచు పీకుతూ ఏదో మాట్లాడారట. కొడుకు పక్కనే ఉన్నాడు. నిద్ర లేక అలా అంటున్నారనుకున్నాడు. సిబ్బందికి తెలుగు రాదు, మామూలుగా కబుర్లు చెప్తున్నారనుకున్నారు. తెల్లారేసరికి ఐసీయూ.

ఎమర్జెన్సీలో నర్సుగా నేను పదే పదే చూసే తప్పు ఇదే. పెద్దవాళ్ల మాట తేడాగా ఉందని మనవాళ్లు చెప్పరు. ఇక్కడ నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్, జ్వరం లాంటివాటికి మార్కులు వేసి ఎవరికి ఎక్కువ ప్రమాదమో తేలుస్తారు. అప్పటిదాకా బాగున్న మనిషికి కొత్తగా అయోమయం వస్తే, ఆ ఒక్కదానికే మూడు మార్కులు. డాక్టరును త్వరగా రప్పించడానికి అవి చాలు. అయితే తెలుగులో తడబడుతున్న మనిషికీ తెలుగులో మాట్లాడుతున్న మనిషికీ ఇంగ్లీషు నర్సు తేడా ఎలా కనిపెడుతుంది? ఆ మూడు మార్కులు మీరు నోరు విప్పితేనే పడతాయి. మాట మారితే చెప్పండి. మగతగా అయినా, ఉన్నట్టుండి చిరాకు పడుతున్నా, ఏ ఊళ్లో ఉన్నారో చెప్పలేకపోయినా చెప్పండి. “దిస్ ఈజ్ న్యూ కన్‌ఫ్యూజన్, హి ఈజ్ నాట్ లైక్ దిస్” అనండి. ఇంగ్లీషు అందంగా ఉండక్కర్లేదు.

మందుల సంగతి

ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల బ్రాండు పేర్లు ఇక్కడ చాలామందికి తెలియవు. గ్లైకోమెట్ జీపీ అంటే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర. తినకుండా లైనులో కూర్చుంటే ఈ రెండోది షుగర్‌ని పడేస్తుంది. ఎసిట్రోమ్ రక్తం పల్చబరిచే మందు. ఇక్కడ దాన్ని అరుదుగా వాడతారు కాబట్టి పేరు చూసి పోల్చుకోలేకపోవచ్చు. తల దెబ్బకైనా పక్షవాతానికైనా డాక్టరు మొదట తెలుసుకోవాల్సింది ఈ మందు గురించే. అందుకే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట వేసుకుంటారు అన్నది ఈ రోజే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించండి. స్ట్రిప్పులు కూడా సంచిలో వేసుకోండి. ఇంట్లో డోలో వేసి ఉంటే ఆ మాట చెప్పండి. జ్వరం లేదని వాళ్లు రాసుకునేది దాని వల్లే కావచ్చు.

బిల్లు భయం

విజిట్ వీసా మీద వచ్చినవాళ్లకైనా ఎమర్జెన్సీలో చూసినందుకు డబ్బు తీసుకోరు. వార్డులో అడ్మిట్ చేశాక మాత్రం ఎన్‌హెచ్‌ఎస్ రేటుకు 150 శాతం బిల్లు పడుతుంది. ఇన్సూరెన్సు తీసుకోకుండా అమ్మానాన్నల్ని పిలిపించడం నా దృష్టిలో జూదం. అయినా బిల్లుకు భయపడి అంబులెన్సు కోసం 999కి ఫోన్ చేయడం ఆపకండి. అత్యవసర వైద్యాన్ని డబ్బు కట్టలేదని ఆపకూడదు, అది ఇక్కడి రూలు.

ఇక లైనులో ఉన్నప్పుడు.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో టైముతో సహా చెప్పండి. రక్తపు గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నిద్ర లేచేసరికి అలా ఉంటే, పడుకున్న టైము చెప్పండి.

అడగకుండా నీళ్లు కూడా పట్టకండి. పక్షవాతమైతే మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లయితే షుగర్ చూడమని అడగండి, గంట గంటకీ అడగండి.

వేలికి పెట్టే ఆక్సిజన్ మెషీన్ నల్లటి చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అంకె బాగుందన్నా, ఆయాసం పెరిగితే పెరిగిందనే చెప్పండి.

ఆలస్యమవుతోందని దింపేసుకుని కారులో ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లకండి.

అంబులెన్సులో వచ్చినంత మాత్రాన ముందు చూడరు. దాని గురించి గొడవ పడి టైము పోగొట్టుకోకండి. ఆ ఓపిక మాట తేడా గమనించడానికి దాచుకోండి.

దుబాసీని ఉచితంగా ఇస్తారు. తెలుగు అని రెండుసార్లు చెప్పండి, లేకపోతే హిందీ వాళ్లను పెడతారు. పదేళ్ల మనవరాలి చేత తర్జుమా చేయించకండి.

కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మెషీన్, ఛార్జరు మరిచిపోకండి. చెవి మెషీన్ లేని మనిషికి ప్రశ్న వినపడక చెప్పే జవాబు కూడా అయోమయంలాగే ఉంటుంది.

పేషెంటును ఒంటరిగా వదిలి అందరూ కాఫీకి వెళ్లొద్దు. ఇద్దరుంటే వంతులు వేసుకోండి.

వార్డుకు వెళ్లాక కూడా పరిస్థితి దిగజారుతున్నా ఎవరూ పట్టించుకోకపోతే మార్తాస్ రూల్ అని అడగండి. సెప్సిస్‌తో, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే జబ్బుతో, 2021లో చనిపోయిన 13 ఏళ్ల మార్తా మిల్స్ పేరు మీద వచ్చిన ఏర్పాటు అది. ఆ పాప తల్లిదండ్రులు చెప్పింది డాక్టర్లు పట్టించుకోలేదు. ఇప్పుడు ఇంగ్లండులోని పెద్ద ఆస్పత్రుల్లో వేరే టీము వచ్చి చూడాలని ఇంట్లోవాళ్లే అడగవచ్చు.

అంబులెన్సు నుంచి కారిడార్‌లోకి, అక్కడి నుంచి లోపలికి మారిన ప్రతిసారీ నర్సు మారుతుంది. ముందువాళ్లు చెప్పే ఉంటారులే అనుకోకండి. మందులు, జబ్బు మొదలైన టైము, మాట తేడా, మూడూ మళ్లీ మొదటి నుంచి చెప్పండి.