పేరు రాకముందు ఆమె ఎవరు? మహిళా దినోత్సవ ప్రసంగం ఇలా తయారుచేసుకోండి

మార్చి 8న ఒక ప్రసిద్ధ మహిళ గురించి ఐదు నిమిషాలు మాట్లాడమంటే పిల్లలు అవార్డుల పట్టిక పట్టుకొస్తారు. అది విన్నవాళ్లకు సాయంత్రానికి ఒక్క ముక్క గుర్తుండదు. ప్రొద్దుటూరు దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతున్న నేను మా ఆడపిల్లలతో ఎప్పుడూ అనేది ఒకటే: ఆమెకు పేరు రాకముందు సంగతి చెప్పండమ్మా. అప్పుడు ఆమెది మీ వయసే.

మనిషిని దగ్గర్లోనే ఎంచుకోండి. క్రికెటర్ శ్రీచరణిది మన కడప జిల్లా, వీరపునాయునిపల్లె మండలం. క్రికెటర్లే అయిన అంజలి శర్వాణిది ఆదోని, బారెడ్డి అనూషది అనంతపురం జిల్లా. పాతతరం కావాలంటే నటి శాంతకుమారి పుట్టింది మా ప్రొద్దుటూరులోనే.

తర్వాత ఆమె మొదటి సినిమానో, మొదటి మ్యాచో ఏ సంవత్సరమో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి వెళ్లండి. అంతకుముందు ఏం చేసేది? ఎవరి దగ్గర నేర్చుకుంది? అన్నిటికంటే ముఖ్యం, ఆ కాలంలో ఆడపిల్లకు ఏ దారి తెరిచి ఉంది? చాలామంది ఈ చివరి ప్రశ్న వదిలేసి "పట్టుదలతో సాధించింది" అని ముగిస్తారు. పట్టుదల ఉండీ దారి లేక ఆగిపోయిన ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఎంతమంది లేరు!

శాంతకుమారినే తీసుకోండి. 1920లో పుట్టారు. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. పాతవాళ్ల గురించి వెతికేటప్పుడు ఇలా పుట్టినప్పటి పేరుతో కూడా వెతకాలి. మద్రాసులో ప్రొఫెసర్ పి. సాంబమూర్తి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. 1936లో శశిరేఖా పరిణయంతో సినిమాల్లోకి వచ్చారు. సంగీతం నేర్చిన అమ్మాయికి సినిమాలో చోటెలా దొరికింది? తొలి టాకీల్లో నటించేవాళ్లే తమ పాటలు పాడుకోవాలి. వెనక నుంచి ఇంకొకరు పాడే పద్ధతి మన దగ్గర ఇంకా స్థిరపడలేదు. గొంతు ఉన్న అమ్మాయిల కోసం సినిమావాళ్లే వెతుక్కునే రోజులవి. ఈ ఒక్క సంగతి చెబితే ఆ కాలమంతా పిల్లలకు కళ్లకు కడుతుంది.

కరణం మల్లీశ్వరి విషయంలోనూ అంతే. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచిందని అందరూ చెబుతారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్ లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది అని కూడా చెప్పండి. అంతకుముందు ఎంత బరువెత్తినా ఆడపిల్లకు ఆ వేదికే లేదు. అనూష గురించి అయితే అనంతపురంలోని ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడా మైదానాలను వదలకండి. పల్లె పిల్లకు అందుబాటులో గ్రౌండ్, కోచ్ ఉండటం చిన్న విషయం కాదు. 2023 జులైలో బంగ్లాదేశ్‌తో ఆమె మొదటి టీ20 ఆడింది.

సమాచారం కోసం ఆమె సొంత ఇంటర్వ్యూలు, తల్లిదండ్రులు మాట్లాడినవి ముందు చూడండి. ఆ తర్వాతే దినపత్రికల జిల్లా పేజీలు. పాత పుస్తకాలు కావాలంటే కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి అడగండి. తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే వదిలేయండి. "కడు పేద కుటుంబం" అని మీరు తేల్చకండి. శ్రీచరణి తండ్రి ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం)లో ఉద్యోగి, అంతవరకే చెప్పండి. "చిన్నప్పటి నుంచే అపార ప్రతిభ" అన్న వాక్యాన్ని నేనైతే ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను. శ్రీచరణి ముందు బ్యాడ్మింటన్, ఖోఖో ఆడేది, పరుగు పందేల్లో దిగేది. పదో తరగతికి వచ్చినా ఏ ఆటో తేల్చుకోలేక టెన్షన్ పడే మా పిల్లలకు ఆ మాటే కావాలి.

ప్రసంగం ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. గట్టిగా చదువుతూ గడియారం చూసుకోండి. మొదటి అవకాశం దొరికిన రోజు దగ్గర ఆపేయండి. శ్రీచరణికైతే అది 2025 ఏప్రిల్ 27, కొలంబోలో శ్రీలంకతో మొదటి వన్డే. అదే ఏడాది వరల్డ్ కప్‌లో ఆమె తీసిన 14 వికెట్ల సంగతి ఎవరైనా అడిగితే, అప్పుడు చెప్పండి.